రాలే, చూడలే

మన్ననూరు గెస్ట్‌హౌస్ వెనక గది.
ఫ్యాను వేస్తే కాగితాలెగురుతాయి,
ఆపితే చెమటచుక్క ఒకటి
తొంభై మూడు జూలై మీద పడుతుంది.

బల్ల నిండా పరాయి చేతిరాతలు.
బీటు ఆఫీసరు మౌలానా గారి డైరీ:
కుడి పేజీలో చిరుత అడుగులు,
ఎడమ పేజీలో చాయ్ బాకీలు.
పాలమూరు కాలేజీ వృక్షశాస్త్రం మేడమ్ ఫ్లాపీలు
తెరిచే యంత్రం దొరక్క
మూడు నెలలుగా నోరు మూసుకున్నాయి.
అమ్రాబాద్ బడిపంతులు గోపతి సారు
ముప్పై ఒక్క ఏండ్లు వానను కొలిచిన
ఎర్ర అట్ట పుస్తకాలు పదకొండు.
పెంటలో ఉండే ఈదమ్మకు పుస్తకమే లేదు.
ఇప్పపువ్వు ఏ ఏడు ముందు రాలిందో
ఎవరి పిల్ల పుట్టుకతోనో ముడేసి చెప్తుంది.
నేను అంగన్‌వాడీ రిజిస్టరు పట్టుకొని
ఆ పిల్ల వయసు వెతుక్కుంటాను.

ఇవన్నీ ఒక్కచోట చేర్చడం నా కొలువు.
దానికి పెద్దసార్లు పెట్టిన పేరు పొడుగ్గా ఉంటుంది.
మా అక్క ఫోన్లో చిన్నగా తేల్చేసింది:
"ఉమ్మడి గొర్రె పుచ్చి సచ్చిందట, నీకెందుకే!"

పేర్ల దగ్గరే మొదటి నెల పోయింది.
మేడమ్ లాటిన్లో రాసుకున్న చెట్టే
మౌలానా డైరీలో సార, ఈదమ్మ నోట్లో మొర్రి.
రెండు పేర్లు కొట్టేసి ఒకటి నిలబెట్టాను.
ఆ రాత్రి గొడ్డలి చప్పుడు వినిపించినట్టయి
పొద్దున్నే లేచి మూడింటినీ వెనక్కి పిలిచి
ఒకే మాను కింద కూర్చోబెట్టాను.

కొలతలది ఇంకో పంచాయితీ.
సారు మొదట అంగుళాలు, తర్వాత మిల్లీమీటర్లు,
నడుమ ఒక ఏడాది రెండూ కావు:
"పదును వాన." "దుక్కి తడిసింది." "కుంటకు సాలలే."
యంత్రం అంకె అడుగుతుంది.
పదునంటే ఎన్ని మిల్లీమీటర్లో
మడమతో నేల తొక్కి చెప్పేవాళ్ళుండేవారు,
వాళ్ళు ఏ కాగితంలోనూ లేరు.

తొంభై ఎనిమిది ఆగస్టులో
పంతొమ్మిది గడులు ఖాళీ.
నేనే సున్నాలు కొట్టాను.
పంతొమ్మిది మురిగిన గుడ్లు వరుసగా.
తెర మీద గీత కిందికి వంగి
కరువు, అన్నది.
ఆ కరువును నమ్మిన ఒక పిల్లవాడు హైదరాబాద్ నుంచి రాశాడు:
మేడమ్, టేకు మాను వలయం
ఆ ఏడాది లావుగా ఉంది. ఎవరిది తప్పు?

బస్సెక్కి అమ్రాబాద్ పోయాను.
సారు లేరు. పెరట్లో కొలత డబ్బా ఉంది,
గరాటు అంచున తుప్పు, లోపల జామాకు.
చంద్రకళమ్మ ఆకు తీసి అవతల పడేసి అన్నది:
"ఆ నెల సారు కండ్ల ఆపరేషన్‌కు
పాలమూరు దవాఖానల ఉండె బిడ్డా.
వాన దంచికొట్టింది. కప్పల లొల్లికి నిద్ర లేకుండె.
డబ్బా నిండి పొర్లుతుంటె రోజూ నేనే ఒంపిన."

మరి రాయలేదా అమ్మా?

"నన్నెవరు రాయుమన్నరు?"

వాన రాలే అన్నది ఒక మాట.
వాన చూడలే అన్నది వేరే మాట.
ఇన్నాళ్ళూ రెంటినీ ఒకే గుండ్రంలో పెట్టి
నేను అడవికి అబద్ధం చెప్పాను.

తిరిగొచ్చి సున్నాలు తీసేశాను.
యంత్రానికి "చూడలేదు" అనే మాట నేర్పాను.
పక్క గడిలో:
డబ్బా నిండి పొర్లేది. చెప్పినవారు గోపతి చంద్రకళ.
ఇప్పుడు పొద్దున ఎనిమిదిన్నరకు ఆమె ఫోన్ వస్తుంది.
"పన్నెండు, మీద సగం గీత" అంటుంది,
ఆ సగం గీతను వదిలేస్తే ఊరుకోదు.

ఈదమ్మ మాత్రం తేనె దగ్గర ఆగింది.
"ఎప్పుడో చెప్త. ఏడనో చెప్ప.
ఏడనో అందరికీ ఎరుకైతే
మల్లా ఏడు రాసుకోనీకి నీకేముంటది?"
ఆ ఒక్క నిలువు వరుసకు తాళం వేశాను.
తాళం మాట నువ్వే పెట్టుకో అన్నాను.
కాసేపు చెట్లలోకి చూసి
ఒక పిట్ట కూత కూసింది.

రెండు వారాలయింది.
ఏ అక్షరాలతో కొట్టాలో
ఇంకా తేలలేదు.